డీజిలు లారీకి కరెంటు పంపు

1961 ఏప్రిల్‌లో నేను కరీంనగర్‌లో మా శాఖ వర్క్‌షాపు సూపర్‌వైజర్‌ని. రోడ్లు, కల్వర్టులు కట్టే శాఖ మాది. లారీలు, రోడ్డు రోలర్లు, కంకర మిల్లులు చెడిపోతే బాగుచేసి పంపడం వర్క్‌షాపు పని. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల బండ్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. నాపైన ఫోర్‌మన్, ఆయనపైన అసిస్టెంట్ ఇంజనీరు ఉండేవారు. అయినా బండి బాగైందని కాగితం మీద సంతకం పెట్టాల్సింది మాత్రం సూపర్‌వైజరే. దాన్ని ఫిట్ సర్టిఫికెట్ అనేవాళ్లం. ఆ సంతకానికి ఎంత బరువుందో నాకు బాగా తెలుసనే అనుకునేవాణ్ని.

ఆ నెల రెండో వారంలో ఉట్నూరు సెక్షన్ నుంచి ఒక పాత డీజిలు లారీ వచ్చింది. తనంత తాను రాలేదు, ఇంకో లారీ వెనక గొలుసు కట్టించుకుని వచ్చింది. నిజాం ప్రభుత్వం ఉన్న రోజుల్లో విదేశం నుంచి దిగిన బండి అది. డ్రైవరు రాజమల్లయ్యది సుల్తానాబాద్. యాభై దాటిన మనిషి. అప్పట్లో యాభై అయిదుకే ఇంటికి పంపేవాళ్లు కనుక అతనికింకా మూడేళ్ల పైచిలుకు సర్వీసు ఉంది. బండి శాఖలో చేరిన నాటి నుంచీ అతనే నడుపుతున్నాడు. దాన్ని లారీ అనేవాడు కాదు, 'మావోడు' అనేవాడు. 'మావోనికి జర దమ్ము సాల్తలేదు సార్' అని జబ్బు చెప్పాడు.

జబ్బు చిన్నదే, మందే దొరకనిది. డీజిలు ఇంజనులో ట్యాంకు నుంచి డీజిలును లాగి ఇంజెక్షన్ పంపుకు అందించే చిన్న పంపు ఒకటి ఉంటుంది. ఫీడ్ పంపు అంటాం. ఇంజను తిరిగే బలంతోనే అదీ ఆడుతుంది. దానికి కరెంటుతో పనిలేదు. ఆ మాటకొస్తే డీజిలు ఇంజనుకు కరెంటు కావలసింది స్టార్టు చేయడానికే. ఒకసారి పట్టుకున్నాక బ్యాటరీ ఊడబీకి కింద పెట్టినా నడుస్తుంది. ఈ లారీకి ఆ ఫీడ్ పంపు లోపలంతా అరిగిపోయింది. ఆ మోడలు తయారీ ఆగిపోయి ఏళ్లయింది. విదేశాల నుంచి తెప్పించాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే కాగితం హైదరాబాదు దాకా పోవాలి, పోయిన కాగితం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఉట్నూరు సెక్షన్‌లో ఉన్నది ఆ ఒక్క లారీ. వానలు పడేలోగా జైనూరు దారిలో రెండు కల్వర్టులకు సిమెంటు చేర్చాలి. వాగులు పొంగితే ఆ దారి మళ్లీ దసరాకే తెరుచుకుంటుంది.

మా స్టోర్సులో మిలిటరీ వాళ్లు వదిలేసిన సామానుతోపాటు వచ్చిన కరెంటు పంపులు మూడు పడి ఉన్నాయి. పెట్రోలు బండ్లకు వాడేవి. అరచేతిలో పట్టే పంపు. బ్యాటరీ తీగ తగిలిస్తే టిక్కు టిక్కుమంటూ నూనెను ముందుకు నెడుతుంది. ఇంజెక్షన్ పంపుకు పెద్ద ఒత్తిడితో పనిలేదు, డీజిలు తెగకుండా అందితే చాలు. లారీ బ్యాటరీ పన్నెండు వోల్టులది, పంపూ పన్నెండుదే. దీన్ని దానికి పెడదామన్న ఆలోచన నాది. ఫోర్‌మన్ గారు తల అడ్డంగానూ నిలువుగానూ ఊపి, 'నీ సంతకం, నీ ఇష్టం' అన్నారు.

చదువరులకు ఆసక్తి ఉండవచ్చు కనుక బిగించిన తీరు చెబుతాను. ఇలాంటి పంపు నెట్టడంలో గట్టిది, లాగడంలో కాదు. అందుకని ఇంజను దగ్గర కాకుండా వెనక ట్యాంకు పక్కనే, ట్యాంకు అడుగు కన్నా కాస్త కిందుగా, ఛాసిస్ కమ్మీకి రబ్బరు ముక్క వేసి బిగించాం. పంపుకు ముందు నలకలు ఆపే గాజు గిన్నె ఫిల్టరు పెట్టాం. పంపు నుంచి ముందుకు రాగి గొట్టం లాగి, ఇంజను దగ్గర అదురుకు విరగకుండా మూరెడు రబ్బరు పైపు కలిపాం. పాత ఫీడ్ పంపు తీసేసిన చోట నూనె కారకుండా ఇనుప రేకు, బెండు గాస్కెట్ వేసి మూసేశాం. రంగు గీకి, మెరిసే ఇనుముకు ఎర్తు తీగ బిగించాం. కరెంటు తీగను మెయిన్ స్విచ్చు నుంచి, మధ్యలో ఫ్యూజు పెట్టి తెచ్చాం. మెయిన్ స్విచ్చు అంటే డ్రైవరు సీటుకు ఎడమ పక్కన, బ్యాటరీ పెట్టె మీద ఉండే పిడి. అది పైకెత్తితే హారను తప్ప బండిలో ఇంక దేనికీ కరెంటు ఉండదు. స్టార్టు చేయాలంటే అది వేయక తప్పదు కాబట్టి పంపు దానంతట అదే మొదలవుతుందని నా లెక్క. డ్రైవరుకు వేరే పని పెట్టనక్కరలేదని సంబరపడ్డాను కూడా.

చివరగా గాలి తీశాం. గొట్టాల్లో గాలి బుడగ మిగిలితే డీజిలు ఇంజను పట్టుకోదు. ఫిల్టరు మీది మర వదులు చేసి బుడగలు ఆగేదాకా డీజిలు కారనిచ్చి బిగించాలి. పంపు ఎంత ఇస్తుందో ఒక సోడా సీసాలో పట్టి గడియారం పెట్టి చూశాను. ఇంజను తాగేదానికి రెండింతలకు పైనే ఇచ్చింది. తర్వాత నేనే స్టీరింగు పట్టి, సుల్తానాబాదు దాకా వెళ్లి వెనక్కి తెచ్చాను. ఎక్కడా దగ్గలేదు. ఫిట్ సర్టిఫికెట్ మీద సంతకం చేశాను. పాత పంపు లాగనప్పుడల్లా చేతిపంపు కొట్టి డీజిలు ఎక్కించుకునే రాజమల్లయ్యకు నేను చెప్పిన మాట ఒక్కటే: 'ఇగ చేతిపంపు కొట్టే తిప్పలు లేదు నీకు.'

అతను సీటెక్కి బండి స్టార్టు చేయడం గేటు దగ్గర నిలబడి చూశాను. ఇంజను పట్టుకోగానే ఎడమ చేయి కిందికి పోయి దేన్నో తాకింది, ఆ వేళ్లు పైకి వచ్చి రెండు కళ్లకు అద్దుకున్నాయి. భక్తి గల మనిషి అనుకున్నాను. మా డ్రైవర్లలో స్టీరింగుకు మొక్కేవాళ్లు, టైరుకు మొక్కేవాళ్లు ఉన్నారు. దండం పెట్టుకునే మనిషిని తేరిపార చూడటం మర్యాద కాదని తల తిప్పుకున్నాను.

మే నెల మొదట్లో ఉట్నూరు ఓవర్‌సీర్ దగ్గర నుంచి కాగితం వచ్చింది. జైనూరు దారిలో కొండ ఎక్కుడు మీద లారీ రెండుసార్లు ఆగిపోయిందట. కాసేపాగి స్టార్టు చేస్తే ఏమీ జరగనట్టు నడిచిందట. నా పనిని తప్పుపట్టినట్టు తోచి నాకు ఒళ్లు మండింది. బస్సెక్కి ఉట్నూరు పోయాను. గొట్టాలు, ఫిల్టరు, తీగలు అన్నీ చూశాను. అదే దారిలో, అంతే సిమెంటు బరువుతో, రాజమల్లయ్యను పక్కన కూర్చోబెట్టి నేనే నడిపాను. జైనూరు దాకా నల్లేరు మీద బండి నడకలా పోయింది. 'పంపులో గానీ, బిగించిన విధంలో గానీ దోషం లేదు. ఇంజను ఆగడానికి కారణాలు ఇతరములు' అని రిపోర్టు రాసి వచ్చాను. ఇతరములు అన్న మాట రాసినప్పుడు నా దృష్టిలో ఏ కారణమూ లేదు. కాగితం నిండుగా ఉంటుందని రాశాను.

మూడోసారి లారీ ఆగింది మే ఇరవై తర్వాత. ఆ బండికి వాక్యూమ్ బ్రేకులు. ఇంజను తిరుగుతుంటేనే వాటికి బలం, ఇంజను ఆగితే ఒకటి రెండు తొక్కుళ్లకే ఖాళీ. నిండా సిమెంటుతో ఉన్న బండి వెనక్కి జారింది. లోయ వైపు పోకుండా రాజమల్లయ్య గుట్ట వైపుకు తిప్పి కాలువలో దించి ఆపాడు. సిమెంటు బస్తాల మీద కూర్చున్న కూలీ ఒకాయన దూకేసి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పేరు భీంరావు, ఆ పక్క గూడెం మనిషి. ఇంటికి చేతిసంపాదన తెచ్చేది అతనొక్కడే.

ఓవర్‌సీర్ చెడ్డవాడు కాదు, కల్వర్టు పని మీద పడి ఆయనకు నిద్రలేదు. ఆయనకు రెండు విషయాలు తెలుసు. ఒకటి, బండిలో దోషం లేదని నేను రాసిచ్చాను. రెండు, రాజమల్లయ్య ఆ ఫిబ్రవరిలోనే బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. అతని భార్య కొండ జ్వరంతో రెండేళ్లుగా మంచాన పడి లేస్తోంది. సుల్తానాబాదుకు దగ్గరగా వేయమని అడిగాడు, ఎవరూ వేయలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తట్టేది ఒకటే. కొండ డ్యూటీ తప్పించుకోవడానికి డ్రైవరే బండి ఆపుతున్నాడు. ఛార్జి మెమో వచ్చింది. ఉద్దేశపూర్వకంగా వాహనాన్ని ఆపి మనిషి గాయపడటానికి కారకుడయ్యాడని అభియోగం. రుజువైతే ఉద్యోగం పోతుంది, దానితోపాటు పింఛను. ఆ సెక్షన్‌లో వేరే డ్రైవరు లేనందున విచారణ దాకా బండి మాత్రం అతనే నడుపుతున్నాడు.

విచారణాధికారి నిర్మల్ నుంచి వచ్చే అసిస్టెంట్ ఇంజనీరు. విచారణ జైనూరులో, కల్వర్టు పని దగ్గరి డేరాలో. సాంకేతిక సాక్షిగా నన్ను పిలిచారు. నా రిపోర్టే అసలు ఆధారం. ముందురోజు పొద్దున ఉట్నూరులో దిగితే జైనూరు పోవడానికి వేరే సాధనం ఏదీ లేదు. నేను ఎవరి మీద సాక్ష్యం చెప్పబోతున్నానో అతని లారీలోనే, సిమెంటు లోడు మీద పోతుంటే, ఎడమ సీట్లో కూర్చున్నాను.

రాజమల్లయ్య స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ మెల్లగా అన్నాడు. 'సార్, పెద్దోళ్లు మీరు ఏమన్న రాయుండ్రి. బండి ఆగుతున్నది, నేను ఆపుతలేను. అది ఎందుకాగుతున్నదో నాకు తెల్వది. ముప్పై ఏండ్లు డ్రైవరీ జేసి తెల్వదని చెప్పుకునుడే నాకు సావు లెక్క ఉన్నది.'

అతను స్టార్టు చేశాడు, ఎడమ చేయి కిందికి పోయింది, వేళ్లు కళ్లకు అద్దుకున్నాడు. పాపం రేపటి గురించి మొక్కుకుంటున్నాడనుకుని మళ్లీ బయటికి చూశాను.

ఎక్కుడు మొదలై మూడో మలుపు తిరుగుతుండగా ఇంజను రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. అతను వెంటనే హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని గుట్ట వైపుకు ఒరగనిచ్చాడు. నేను దూకి వెనక చక్రానికి రాయి పెట్టాను. అక్కడి నుంచి నేరుగా పంపు దగ్గరికి పాకాను. గొట్టం ఖాళీ అయినప్పుడు అలాంటి పంపు ఊపిరాడనట్టు గబగబా కొట్టుకోవాలి. అది చడీచప్పుడూ లేకుండా ఉంది. ఫ్యూజు కాలలేదు, ఎర్తు ఊడలేదు. బండి కిందనే పడుకుని స్టార్టు చేయమని అరిచాను. పైన ఖట్‌మని ఒక చప్పుడయింది. మరుక్షణం నా చెవి పక్కనే పంపు టిక్కు టిక్కుమంది. ఇంజను పట్టుకుంది. మళ్లీ ఖట్‌మంది. పంపు ఆగిపోయింది.

బయటికి వచ్చి, ఇంజను ఆపించి, అతని పక్క మెట్టు మీద నిలబడి ఇంకోసారి స్టార్టు చేయమన్నాను. ఇంజను పట్టుకోగానే చేయి కిందికి పోయింది. పిడి దగ్గర అతని మణికట్టు పట్టుకున్నాను.

'ఇదేంది?' అన్నాను.

'ఏంది సార్? దండం పెడుతున్న.'

'దండమా, స్విచ్చు తీసుడా?'

అతను తన చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. 'మా ఉస్తాదు నేర్పిండు సార్. ఇంజను పట్టుకోంగనే బ్యాటరీకి సలాం జేసి కట్ చెయ్యాలె అనెటోడు. డీజిలు బండికి కరెంటు ఎందుకు, ఉత్తగ బ్యాటరీ సంపుడు అని. ముప్పై ఏండ్ల సంది జేస్తున్న. జేస్తున్నట్టు నాకు యాదికి సుత లేదు.'

చిక్కంతా ఒక్కసారిగా విడిపోయింది. ట్యాంకు నిండుగా ఉండి, బండి ఖాళీగా, దారి సమంగా ఉంటే పంపు ఆడకపోయినా ఇంజెక్షన్ పంపు తానే కాస్త డీజిలు లాక్కోగలదు. కరీంనగర్ నుంచి వెనక్కి పోయేటప్పుడు నిండు ట్యాంకుతో, ఖాళీ బండి కనుక, నిర్మల్ ఘాటు కొండదారి కూడా అట్లాగే ఎక్కేసింది. ఎక్కుడులో ఇంజను పైకి, ట్యాంకు కిందికి అవుతాయి. బరువుకు డీజిలు ఎక్కువ కావాలి. సగం ఖాళీ ట్యాంకుతో అది అందదు. ఆగిన బండిని స్టార్టు చేయాలంటే స్విచ్చు వేయాలి, గొట్టాల్లోకి గాలి చొరబడలేదు గనుక వేయగానే పంపు డీజిలు అందించేస్తుంది, కనుక వెతికేవాడికి ఏ లోపమూ కనబడదు. నేను నడిపినప్పుడు ఆగకపోవడానికి కారణం నా చేతికి ఆ అలవాటు లేకపోవడమే. ఇంజను నడుస్తుంటే ఆ చప్పుడులో పంపు ఆడుతోందో లేదో ఎవరికీ వినపడదు.

ఇద్దరం రోడ్డు పక్కన రాళ్ల మీద కూర్చున్నాం. నాకు సిగ్గేసింది. ఆ దండాన్ని రెండుసార్లు చూసి రెండుసార్లూ తల తిప్పుకున్న మనిషిని నేను. ఇకమీదట స్విచ్చు ముట్టవద్దని అతనికి చెప్పబోయాను. అతనే ముందుగా అన్నాడు. 'దాని తీగ వేరే పెట్టుండ్రి సార్. నేను ముట్టనని ఒట్టు పెడ్త గని, ఈ చెయ్యి ఇనది.'

అది నా బుర్రకు రావలసిన సలహా. అక్కడే తీగ విప్పి మెయిన్ స్విచ్చుకు ముందు, నేరుగా బ్యాటరీ కొసకు కలిపాను. బండి హారను తీగ మీద ఉన్న, వేసి తీసే స్విచ్చు పీకి పంపుకు పెట్టాను. ఇంజను ఆపాక పంపు స్విచ్చు తీయడం మరిచిపోతే అది టిక్కుమంటూ తానే గుర్తు చేస్తుంది. రాజమల్లయ్య స్టార్టు చేసి, పిడి ఎత్తి, కళ్లకు అద్దుకుని, మిగతా కొండంతా ఆగకుండా ఎక్కించాడు. హారను లేనందున మలుపు మలుపుకూ నేను తలుపు మీద చరుస్తూ పోయాను.

సాయంత్రం డేరా దగ్గర విచారణాధికారికి జరిగింది చెప్పాను. ఆయన నాకన్నా చిన్నవాడు, మంచివాడు. శ్రద్ధగా విని, డ్రైవరు స్విచ్చు తీశాడన్నది నిజమేనా అన్నాడు. నిజమే అన్నాను. అయితే పొరపాటు డ్రైవరుదని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది, ఉద్దేశపూర్వకం కాదని తీసేసి నిర్లక్ష్యం అందాం, ఉద్యోగం పోదు, ఇంక్రిమెంటు పోతుంది, మీరెందుకు మెడకు చుట్టుకుంటారు అన్నాడు. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. నాకు ఆశ పుట్టలేదని చెప్పను. ఆ ఏడాది ఫోర్‌మన్ పోస్టు ఖాళీ కాబోతోంది, జాబితాలో నా పేరే ముందుంది.

ఆ డేరా బయటే భీంరావు మెడలో చేయి వేలాడగట్టుకుని కూర్చున్నాడు. అతన్ని చూశాక రాయడం తేలికైందని అనలేను. రాయక తప్పదని మాత్రం అర్థమైంది. మూడు వాక్యాలు రాశాను. పంపు తీగను మెయిన్ స్విచ్చుకు కలపడం నా నిర్ణయం. స్విచ్చు వేసి ఉంచాలని డ్రైవరుకు నేను చెప్పలేదు. పరీక్ష నేను నడిపి చేశాను గానీ అతను నడుపుతుండగా చేయలేదు. మొదటి రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నానని కింద రాసి సంతకం పెట్టాను.

రాజమల్లయ్య మీద మెమో రద్దయింది. నా సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక పడింది, ఫోర్‌మన్ పోస్టు నా తర్వాతి పేరుకు పోయింది. చాలా రోజులు బాధపడ్డాను, ఎవరి మీదో తెలియని కోపం కూడా ఉండేది. భీంరావు మణికట్టు అతుక్కుంది గానీ పూర్తిగా తిరగలేదు. గడ్డపార పని మానేశాడని తర్వాత విన్నాను. అది రాయడానికి నా సర్వీసు పుస్తకంలో గడి ఏదీ లేదు.

రాజమల్లయ్య బదిలీ మరో ఏడాదికి గానీ కాలేదు. కరీంనగర్ వచ్చాక ఒకసారి వర్క్‌షాపులో కనబడితే, మొదటి రోజే ఆ సలాం సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. 'మీరు బండిని అడిగిండ్రు సార్, నన్ను అడగలే' అన్నాడు. నొప్పించాలని అన్న మాట కాదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

బిగించిన పంపులో దోషం లేదని మొదటి రిపోర్టులో నేను రాసింది ఇప్పటికీ నిజమే. పంపు మంచిది, గొట్టాలు మంచివి, తీగలు మంచివి. పాత బండికి కొత్త సామాను పెట్టినప్పుడు దాన్ని నడిపే ముప్పై ఏళ్ల అలవాటు చేతికి కూడా పెడుతున్నామన్నది నాకు తెలియలేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యే దాకా ఎన్నో బండ్లకు ఫిట్ సర్టిఫికెట్లు ఇచ్చాను. ఒక్కదానికి కూడా స్టీరింగు నేను పట్టుకోలేదు. దాని డ్రైవరునే నడపమని, ఎడమ సీట్లో కూర్చుని, అతని చేతులు ఎటు పోతున్నాయో చూసి, అప్పుడు సంతకం పెట్టాను.